రెండో బిగింపు

నాచారం పారిశ్రామికవాడలో, బిస్కెట్ల వాసనా రంగుల వాసనా కలిసి వచ్చే ఒక సందు చివర, లక్ష్మీకాంత్ అనే ఆయన షెడ్డు ఉంది. కాళ్లు పనిచేయని వాళ్లు చేతులతో పెడల్ తిప్పుకుంటూ పోయే మూడు చక్రాల బండ్లు అక్కడ తయారవుతాయి. ఆ చక్రాలకు స్పోకులు బిగించేది సారలమ్మ. యాభైకి రెండేళ్లు తక్కువ, ములుగు దగ్గరి మనిషి. ఆమెకు చదువు లేదు, కొలిచే మిషను లేదు. చక్రాన్ని స్టాండు మీద తిప్పి, వేలితో ఒక్కో స్పోకునూ మీటి, వచ్చిన మోతను బట్టి ఏది ఎంత బిగించాలో చెప్పేస్తుంది. ఆమె చెయ్యి పడ్డ చక్రం వంకర పోయిందని ఇరవై ఏళ్లలో ఒక్కరూ వెనక్కి రాలేదు. ఆ పేరు రావడానికి ఇరవై ఏళ్లు పడితే పోవడానికి నాలుగు రోజులు చాలాయి. ఆ నాలుగు రోజుల సంగతి చెప్పాలంటే ముందు పాండురంగం సంగతి చెప్పాలి.

సారలమ్మ మొగుడు రామస్వామి అప్పట్లో నాచారంలో ఒక గోదాములో హమాలీ. అతనికో పాత సైకిలు ఉండేది. ఒక ఆదివారం దాని వెనక చక్రం వంకర పోతే, ఆయన నిద్ర చెడగొట్టడం ఎందుకని సారలమ్మే దాన్ని నడిపించుకుంటూ ఉప్పల్ చౌరస్తాలో పాండురంగం దుకాణానికి తీసుకెళ్లింది. పాండురంగం అరవై దాటిన మనిషి. ఆ చుట్టుపక్కల చక్రం బిగించాలంటే ఆయనే. కానీ ఆయనకు చెవులు మందగించాయి, ఆ సంగతి బయటపడకూడదని నానా తంటాలు పడుతున్నాడు. స్పోకు మీటుతాడు, చెవి దగ్గరికి వంగుతాడు, అంతా విన్నట్టు తల ఊపుతాడు. పక్కన బెంచీ మీద కూర్చుని చూస్తున్న సారలమ్మ ఉండబట్టలేక నోరు విప్పింది.

"గదొక్కటి మూగగున్నది తాతా."

పాండురంగం ఆమెను ఎగాదిగా చూశాడు. "ఏదది?" అని గద్దించాడు. ఆమె చూపించింది. ఇంకో మూడు కూడా చూపించింది. ఆమె చెప్పిన చోటల్లా బిగిస్తే చక్రం గీత గీసినట్టు తిరిగింది. తిట్టాలో మెచ్చుకోవాలో తేల్చుకోలేక ఆ ముసలాయన చాలాసేపు బీడీ కాల్చాడు. ఆఖరికి, "రేపటి సంది పనికి రా. నా చెవులు పోయినయని ఎవ్వలికి చెప్పకు. నువ్వు విను, నేను బిగిస్త," అన్నాడు. అట్లా ఆమె ఒక మనిషికి చెవులుగా కుదిరింది. ఏడాది తిరిగేసరికి బిగించడం కూడా నేర్చుకుంది.

ఒక మధ్యాహ్నం బేరాలు లేని వేళ పాండురంగం ఆమెకు అసలు పాఠం చెప్పాడు. ఒక సైకిలెక్కి గోడకు చెయ్యి ఆనించి కూర్చున్నాడు. ఆమెను వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చోమన్నాడు.

"నా బరువు ఏ స్పోకులు మోస్తున్నయో చెప్పు."

"పైవి," అంది సారలమ్మ. "నడుమ హబ్బును అవ్వే గద పట్టి గుంజుతున్నయ్. మనిషి వాటికి యాలాడ్తున్నట్టు."

"అందరు గదే అంటరు. మీటి సూడు."

పైవాటిని మీటింది. ఎవరూ ఎక్కనప్పుడు ఎట్లా మోగుతాయో ఇప్పుడూ అట్లాగే మోగాయి. పక్కవాటిని మీటింది. వాటిలోనూ తేడా లేదు. నేలకు దగ్గరగా, కింద ఉన్న మూడు నాలుగింటిని మీటేసరికి వాటి గొంతు పడిపోయి ఉంది. పాండురంగం దిగాడు. మళ్లీ మీటితే ఆ గొంతు తిరిగొచ్చింది. సారలమ్మకు ఏమీ అర్థం కాలేదు. బరువు పడితే గట్టిపడాలి గానీ వదులు కావడమేంటని అడిగింది.

"ఎడ్లబండి చక్రం లెక్క వేరు," అన్నాడు పాండురంగం. "దాని ఆకులు కర్రవి, లావుగుంటయ్. బండి కింది ఆకు మీద నిలబడ్తది. ఇది తీగ. తీగ మీద ఏమన్న నిలబడ్తదా? వంగుతది. గందుకే దీన్ని ముందుగాలనే గుంజి కడ్తం. ముప్పై ఆరు స్పోకులు తలా ఓ దిక్కు గుంజుతుంటయ్, అందుకే హబ్బు నడుమ కదలకుంట ఉంటది. బరువు పడ్డప్పుడు కిందున్న నాలుగు స్పోకులు తమ గుంజుడుల నుంచి జరంత ఇడుస్తయ్. ఆ ఇడిసినదే మోసుడు. మిగిలినయ్ ఉన్న కాడ్నే ఉంటయ్. చక్రం తిరుగుతుంటే అన్నిటికీ కిందికొచ్చే వంతొస్తది."

"మరి ముందుగాలనే వదులుంటే?"

"ఇడువనీకి దాని తాన ఏముంటది? కిందికొచ్చినప్పుడల్ల సచ్చినట్టు వాలుతది, పైకి పోంగనే కొరడ గొట్టినట్టు గుంజుకుంటది. దినాం వేలసార్లు. రెండు మూడు నెల్లకు హబ్బు కాడ వంపుల పుటుక్కుమంటది. ఒకటి పోతే పక్కదాని మీద పడ్తది. ఆఖరికి రిమ్ము మడుసుకపోతది. బిగి ఎక్కువై తెగిన స్పోకు నా జిందగీల రెండో మూడో సూసిన. వదులై తెగినయి లెక్కలేదు."

రెండో బిగింపు నేర్పిందీ అప్పుడే. కొత్త చక్రాన్ని ఒకసారి బిగిస్తే అది సరిగ్గానే తిరుగుతుంది. చూసేవాళ్లకు అందులో లోపం కనబడదు. కానీ బిగించేటప్పుడు స్పోకులు కొంచెం మెలితిరిగి ఉంటాయి, వాటి వంపులు హబ్బు రంధ్రాల్లో ఇంకా కుదురుకుని ఉండవు. చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, రెండు చేతులూ ఆనించి, ఒంటి బరువంతా వేసి చుట్టూ నొక్కాలి. టిక్కు టిక్కుమని మెలికలు విడుతుంటే వినబడుతుంది. దాన్ని ఒక రోజు పక్కన పెట్టి, మర్నాడు మీటితే మోత బాగా దిగిపోయి ఉంటుంది. అప్పుడు మళ్లీ మొదటి నుంచి బిగించాలి. ఆ రెండోసారి బిగించిన చక్రమే చక్రం. ఒక్కసారి బిగించిన చక్రానికీ దీనికీ తేడా చేసినవాళ్లకు తప్ప దేవుడికి కూడా తెలియదు.

తేడా తెలియడానికి పాండురంగం ఒక గుర్తు పెట్టుకున్నాడు. రెండో బిగింపు పూర్తయ్యాక, గాలి కొట్టే చోటికి పక్కనున్న స్పోకు నట్టు మీద ఎర్రటి గోళ్ల రంగు ఒక చుక్క వేసేవాడు. దాన్ని బొట్టు అనేవాడు. రోజులు గడిచేకొద్దీ ఉప్పల్‌లో పాలవాళ్లూ పేపర్లవాళ్లూ బొట్టు లేని చక్రం ముట్టుకునేవాళ్లు కాదు. ముసలాయన పోయాక, రోడ్డు వెడల్పు చేస్తూ ఆ దుకాణం తీసేశాక, సారలమ్మ అక్కడి నుంచి రెండే వస్తువులు తెచ్చుకుంది. ఒకటి స్పోకులు బిగించే చిన్న చాబీ, రెండోది సగం వాడిన గోళ్ల రంగు సీసా.

లక్ష్మీకాంత్ తెలివిగలవాడు. బోడుప్పల్ మనిషి, ముప్పై అయిదేళ్లు ఉంటాయి, మాట మెత్తన. సారలమ్మ తన షెడ్డులో చేరిన మొదటివారమే, ఆమె చక్రానికి బొట్టు ఎందుకు పెడుతుందో అడిగి తెలుసుకున్నాడు. నెల తిరక్కుండా తన బండ్ల కాగితాల మీద ఎర్ర చుక్క అచ్చు వేయించి, అది ఉంటేనే తమ సరుకని రాయించుకున్నాడు. సారలమ్మకు అప్పుడు గర్వమే అనిపించింది. తన బొట్టు అచ్చులోకి ఎక్కిందని ఇంట్లో చెప్పుకుని మురిసింది కూడా.

ఇంట్లో మురిసే స్థితి అప్పటికింకా ఉంది. ఆ తర్వాత రామస్వామికి షుగరు ముదిరి, కాలి వేలికి తగిలిన చిన్న దెబ్బ మానక, దవాఖానాలో ఎడమకాలు మోకాలి కింది దాకా తీసేశారు. యాభై కిలోల బస్తాను ఇట్టే భుజానికెత్తుకున్న మనిషి, గడప దిగడానికి పెళ్లాం భుజం పట్టుకోవలసి వచ్చింది. నాచారంలో వాళ్లుండేది ఒకటే గది. ఆ గది కిటికీలోంచి ఎదురింటి గోడా, నీళ్ల డ్రమ్మూ కనిపిస్తాయి. మూడేళ్లు ఆయన ఆ గోడనూ డ్రమ్మునూ చూశాడు. పలకరిస్తే కసురుకునేవాడు, పలకరించకపోతే అలిగేవాడు. సారలమ్మ పొద్దున లేచి పోయి ఊళ్లో ఉన్న కాళ్లు లేనివాళ్లందరికీ చక్రాలు బిగించి, సాయంత్రానికి కదలలేని మొగుడి దగ్గరికి వచ్చేది. ఆ బండి ఒకటి మాకూ ఇప్పించమని లక్ష్మీకాంత్‌ను రెండుసార్లు అడిగింది. లిస్టు దానమిచ్చే వాళ్లే వేస్తారు, నా చేతిలో లేదక్కా అని రెండుసార్లూ అన్నాడు.

నిరుడు నవంబరులో ఒక పెద్ద కంపెనీ వాళ్లు నలభై బండ్లు పంచుతామని ముందుకొచ్చారు. హబ్సిగూడలో హాలు మాట్లాడారు, ముఖ్య అతిథిని మాట్లాడారు, శుక్రవారమని తేదీ వేశారు. రిమ్ములు మాత్రం ఆ వారం సోమవారానికి గానీ షెడ్డుకు చేరలేదు. నలభై బండ్లంటే నూట ఇరవై చక్రాలు. స్పోకులు అల్లడానికి ఇద్దరు ఆడవాళ్లున్నారు, బిగించడానికి సారలమ్మ ఒక్కతే. భుజాలు పడిపోయేలా చేసినా గురువారం పొద్దుటికి మొదటి బిగింపు మాత్రమే అవుతుంది. బుధవారం మధ్యాహ్నం లక్ష్మీకాంత్ వచ్చి వరసగా నిలబెట్టిన చక్రాలను చూసి మొహం చిట్లించాడు.

"బొట్లు పెడ్తలేవేంది అక్కా?"

"రెండో బిగింపు కాలేదు సార్. దినమంత పండబెట్టాలె. వచ్చే బుధారం దాక ఆగితే అన్నీ అయితయ్."

"గెస్టు తారీకిచ్చేసిండు. ఫ్లెక్సీలు గూడ కట్టిన్రు. ఇప్పుడు ఆగుమంటే ఎట్ల? చక్రం సక్కగ తిరుగుతున్నదా లేదా?"

"తిరుగుతది. మూడు నెల్లు తిరుగుతది."

"మూడు నెల్ల తర్వాత సంగతి అప్పుడు సూద్దాం. రేపు కంపెనీ ఇంజనీరు చెకింగుకొస్తడు. ఆయన సూసేది బొట్టే. పెట్టెయ్."

సారలమ్మ కదలకుండా నిలబడింది. లక్ష్మీకాంత్ రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"చెప్పుడు మర్చిన. లిస్టుల ఒక పేరు ఖాళీ అయితే మన రామస్వామి బావ పేరు రాయిచ్చిన. శుక్రారం జర మంచి అంగీ తొడిగి తోల్కరా."

బెదిరించి ఉంటే సారలమ్మ ఎదురు తిరిగేదేమో. ఆ చాబీ ఆయన బల్ల మీద పడేసి ఇంటికి పోయేదేమో. ఆయన బెదిరించలేదు, ఉపకారం చేశాడు. ఆమె కళ్లముందు కిటికీ, గోడ, డ్రమ్ము, వాటిని చూస్తూ కూర్చున్న మనిషి మెదిలారు. మిగతా బండ్లెక్కే ముప్పై తొమ్మిది మంది మెదల్లేదు. వాళ్ల మొహాలు ఆమెకు తెలియవు. సీసా మూత తీసింది. మొదటి పది బొట్లు ఆగి ఆగి పెట్టింది, తర్వాత ఆగలేదు. ఆ తర్వాత ఆగనందుకే ఆమె ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటుంది. ఒక సీసా చాలలేదు. లక్ష్మీకాంత్ ఫ్యాన్సీ షాపు నుంచి ఇంకో రెండు తెప్పించాడు.

గురువారం ఇంజనీరు వచ్చాడు. చేతిలో ఫోను, మెడలో కార్డు. చక్రం చక్రానికీ బొట్టు ఉందో లేదో వేలు పెట్టి లెక్క చూసుకుని ఫొటోలు తీసుకున్నాడు. ఒక చక్రాన్ని తిప్పమన్నాడు. అది గీత గీసినట్టు తిరిగింది. ఒక్క చక్రాన్ని నొక్కి మీటినా తెలిసిపోయేది, కానీ అంత చదివినవాడికి నొక్కాలని ఎవరూ చెప్పలేదు. చాలా బాగుందని సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

శుక్రవారం హాల్లో నలభై మందినీ బండ్ల మీద వరసగా కూర్చోబెట్టారు. రామస్వామి గడ్డం గీయించుకుని, పెళ్లిళ్లకు దాచుకున్న అంగీ తొడుక్కున్నాడు. ఆయన పక్క బండి తారామణిది. చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ పడిపోయిన మనిషి, నలభై ఏళ్లుంటాయి, ఉప్పల్ మెట్రో మెట్ల కింద మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముకుంటుంది. కొత్త బండిని అటూ ఇటూ తడిమి చూస్తూ, "బస్తా ఎక్కితే ఆగుతదంటవా అన్నా?" అని రామస్వామిని అడిగింది.

మూడేళ్లుగా ఎవరూ తనను ఏదీ అడగని రామస్వామికి ఆ ప్రశ్న అమృతంలా తోచింది. వంగి ఆమె చక్రం మీది ఎర్ర చుక్క చూపించాడు. "గీ బొట్టు సూసినవా? ఇది మా ఇంటామె పెట్టింది. బొట్టు పెట్టిందంటే రెండుసార్లు బిగించిందన్నట్టు. ఇద్దరు కూసోని బస్తా ఏసుకున్నా ఏం గాదు. ఫికర్ జెయ్యకు." అంతటితో ఆగలేదు. ఆ వరసలో ముందువాళ్లకూ వెనకవాళ్లకూ అదే చెప్పాడు. గోడ వారన నిలబడ్డ సారలమ్మ అన్నీ వింది.

ఇంటికి రాగానే ఆయన బండి బోర్లించి మూడు చక్రాలూ విప్పి, నేల మీద పెట్టి నొక్కింది. టిక్కు టిక్కుమని మెలికలు విడిపోయాయి. కొత్త బండికి ఏం రోగమని రామస్వామి అడిగాడు. "కొత్తది గదా, ఒకపారి సూసుకుంటె మంచిది," అంది. మర్నాడు సాయంత్రం మూడింటినీ మళ్లీ బిగించింది. నలభై బండ్లలో ఒక్కటే బండి సరైనది అయింది, అది తన మొగుడిది. బొట్టు పెట్టే పని కూడా లేకపోయింది, అది అప్పటికే ఉంది.

ఆ మూడు నెలలూ రామస్వామి మళ్లీ మనిషి అయ్యాడు. పొద్దున్నే చాయ్ హోటలు, అక్కణ్నుంచి ఉప్పల్. మెట్రో పిల్లర్ల కింద గుంతలన్నీ లెక్కపెట్టుకుంటూ స్టేషను దాకా పోయి, తారామణికి పొత్తుల బస్తా కట్టిపెట్టి, గంటసేపు కబుర్లాడి వచ్చేవాడు. రాత్రి అన్నం తింటూ ఆ రోజు ఎవరు కలిశారో, ఎవరేమన్నారో సారలమ్మకు చెప్పేవాడు. తారామణి బండి వెనక ఇప్పుడు రెండు బస్తాలు వేస్తోందని, నేనే ధైర్యం చెప్పానని ఒక రోజు చెప్పాడు. సారలమ్మ ఇంకొంచెం అన్నం పెట్టింది.

మిగతా వాళ్లు ఎక్కడెక్కడ ఉంటారో తనకేం తెలుసని ఆమె మనసుకు సర్దిచెప్పుకునేది. కానీ తారామణి ఎక్కడుంటుందో తెలుసు కదా. చాబీ కొంగున కట్టుకుని పోతే ఒక పూట పని. పోయి ఏం చెప్పాలి? బొట్టు పెట్టినదాన్ని మళ్లీ ఎందుకు బిగిస్తున్నావని అడిగితే? ఆ మాట లక్ష్మీకాంత్ చెవిన పడితే? అన్నిటికంటే, అక్కడే కూర్చుని ఉండే రామస్వామి వింటే? ఆదివారం పోదాం అనుకునేది. ఆదివారం వచ్చేది, బట్టలు ఉతుక్కునేది. అట్లా పన్నెండు ఆదివారాలు ఉతికింది.

ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం రామస్వామి ఇంటికి తొందరగా వచ్చాడు. బండి వెనక ఒక చక్రం కట్టి ఉంది, మెలితిరిగి నూనెలో వేసిన అప్పడంలా ఉంది. తారామణి ఉప్పల్ చౌరస్తాలో మలుపు తిరుగుతుంటే ఆ చక్రం మడుచుకుపోయింది. బండి పక్కకు పడింది, ఆమె కుడిచెయ్యి కింద పడింది, మణికట్టు దగ్గర రెండుచోట్ల విరిగింది. చేతులే ఆమెకు కాళ్లు. అవి కూడా ఇప్పుడు ఒకటికి దిగాయి. దవాఖానాలో కట్టు కట్టి, మణికట్టు ఇదివరకులా తిరగడం కష్టమని చెప్పారట.

"అందరి ముంగట నీ చక్రం ఖరాబున్నదని అంటున్నది," అన్నాడు రామస్వామి. ఆయనకు కోపంగా ఉంది. "ఇగో, బొట్టున్నది. నువ్వు బొట్టు పెట్టినంక చక్రం ఎట్ల పోతది? బస్తాలు ఎక్కువేసింది, అదీ సంగతి. నువ్వొచ్చి చెప్పు. నీ పేరు ఖరాబు జేస్తుంటే నేను ఊకుంటనా?"

సారలమ్మ చక్రం ఒళ్లో పెట్టుకుంది. అయిదు స్పోకులు తెగి ఉన్నాయి. అయిదూ హబ్బు దగ్గర, వంపులోనే తెగాయి. పాండురంగం చెప్పిన చోటే. బస్తాలు ఎక్కువై మడుచుకున్న రిమ్ము వేరు, ఈ తెగడం వేరు. ఆ తేడా ఈ ఉప్పల్ నాచారాల్లో ఇప్పుడు బతికున్నవాళ్లలో ఆమెకొక్కదానికే తెలుసు. బస్తాలు ఎక్కువయ్యాయి అని ఒక్క మాట అంటే సరిపోతుంది. ఆ మాట అనడానికే రామస్వామి ఆమెను బతిమాలుతున్నాడు.

తారామణి ఉండేది చిలకానగర్‌లో, రేకుల గదిలో. వాళ్లు పోయేసరికి గోడకు ఆనుకుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. రామస్వామి గుమ్మం బయట బండి మీద నుంచే మొదలుపెట్టాడు.

"తారమ్మా, మా సారల వచ్చింది. అడుగు, చక్రంల ఏం తప్పుందో ఆమెనే చెప్తది. బస్తాలు రెండేసినవ్ గదా."

"నువ్వే గద ఏసుకొమ్మన్నవ్," అంది తారామణి. తర్వాత సారలమ్మ వైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది. "ఏమైందక్కా? నేను తప్పు జేసిన్నా?"

సారలమ్మ దారంతా కూడబలుక్కున్న బస్తాల మాట నోట్లోనే ఉండిపోయింది. కింద కూర్చుంది.

"నువ్వు తప్పు జెయ్యలేదు. చక్రం ఒక్కసారే బిగించిన. రెండోసారి బిగించలేదు. బొట్టు ఊకెనే పెట్టిన. నూట ఇరవైకి గట్లనే పెట్టిన. టైం లేదన్నరు. ఈన పేరు లిస్టుల రాసిన్రని నోరు మూసుకున్న."

తారామణి గుమ్మం బయటున్న బండిని చూసింది. అది కూడా ఆ నలభైలోదే, అదే రంగు, అవే బొట్లు. మూడు నెలలుగా పక్కపక్కనే తిరిగిన బండి.

"మరి అన్న బండి మంచిగనే ఉన్నది?"

"ఈనది ఇంటికాడ బిగించిన," అంది సారలమ్మ.

"ఎప్పుడు?"

"ఇచ్చిన దినమే."

తారామణి మెల్లగా తల ఊపింది. "అంటే నీకు తెల్వక కాదు," అంది. తిట్టి ఉంటే సారలమ్మ కాళ్లు పట్టుకుని ఏడ్చేది, ఎంతో కొంత దిగిపోయేది. ఆ ఒక్క మాట అనేసి ఆమె కట్టు మీద వాలిన ఈగను ఎడమచేత్తో తోలుకుంది.

రామస్వామి ఇంటికి పోయేదాకా బండిని ఆమెకంటే నాలుగు గజాలు ముందే నడిపించాడు. గడప దగ్గర బండి దిగుతూ అలవాటుగా ఆమె భుజం కోసం చెయ్యి చాచి, వెనక్కి తీసుకుని, తలుపు పట్టుకుని దిగాడు. మంచం మీద కూర్చున్నాక చెప్పాడు.

"నా మూడు చక్రాలు ఇప్పి ఆమె బండికెయ్యి. ఆమెవి నాకెయ్యి."

"ఆమెవి గూడ మంచిగ బిగించి ఇస్త. ఎందుకు మార్చుడు?"

"ఎయ్యమన్న గద."

వేసింది. తారామణి చెయ్యి కుదిరేసరికి ఆమె బండికి మంచి చక్రాలు అమరాయి. ఆమె వద్దనలేదు, సంతోషమనీ అనలేదు. మణికట్టు పూర్తిగా తిరగదు కాబట్టి ఇప్పుడు ఒక బస్తా కూడా నిండుగా వేసుకోదు. తారామణి పాత చక్రాలు రెండింటినీ సారలమ్మ విప్పి మొదటి నుంచి బిగించింది, మూడోదానికి కొత్త రిమ్ము వేసింది. నొక్కింది, రోజంతా పండబెట్టింది, మళ్లీ బిగించింది. పాండురంగం బతికుంటే వంక పెట్టలేని ఆ చక్రాలు రామస్వామి బండికి ఎక్కాయి. కొత్తదానికి బొట్టు పెట్టలేదు.

షెడ్డులో కూడా పెట్టడం మానేసింది. లక్ష్మీకాంత్ ఏమీ అనుకోలేదు, స్పోకులు అల్లే వాళ్లలో ఒకామె చేతికి సీసా ఇచ్చాడు. సారలమ్మ నలభై మంది లిస్టు అడిగితే, అదిప్పుడు మన దగ్గర లేదక్కా అన్నాడు. ఇదివరకు రామస్వామి అన్నం తింటూ చెప్పిన పేర్లతో, వాళ్లను వీళ్లను అడిగి, సారలమ్మ ఆదివారాలు చాబీ పట్టుకుని తిరిగింది. మల్లాపూర్, రామంతాపూర్, బోడుప్పల్. ఇప్పటికి ఇరవై రెండు బండ్లు దొరికాయి. నాలుగింటికి స్పోకులు తెగడం అప్పటికే మొదలైంది. తప్పు నాదని చెబుదామని నోరు తెరిచేలోపే, కంపెనీ ఎంత మంచిది, ఇంటికి మనిషిని పంపి మరీ చూసుకుంటోందని వాళ్లు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చేవాళ్లు. కొన్నిచోట్ల చెప్పింది. కొన్నిచోట్ల నీళ్లు తాగి వచ్చేసింది. ఈ సంగతి తెలిసి లక్ష్మీకాంత్ సంబరపడ్డాడు. మన షెడ్డుకు మస్తు పేరొస్తున్నదక్కా అన్నాడు. ఆమె ఆ పూట చక్రం స్టాండును కాలితో తన్నింది, కాలే నొచ్చింది. మిగిలిన పదహారు బండ్లు ఎక్కడ తిరుగుతున్నాయో ఆమెకు తెలియదు.

రామస్వామి కొన్నాళ్లు మళ్లీ గోడనూ డ్రమ్మునూ చూశాడు. తర్వాత ఉండలేక బయటికి పోవడం మొదలుపెట్టాడు. ఇంకో దారి ఆయనకు లేదు. చాయ్ హోటలుకు పోతాడు, ఉప్పల్ దాకా పోడు. సారలమ్మతో అన్నం గురించీ మందుల గురించీ మాట్లాడతాడు. తిట్టలేదు, ఇప్పటిదాకా ఆ సంగతి ఎత్తలేదు.

పొద్దున్నే గడప మీద కూర్చుని, బండిని దగ్గరికి లాక్కుంటాడు. మొదటి చక్రం గాలి కొట్టే చోటు నుంచి మొదలుపెట్టి ఒక్కో స్పోకునూ వేలితో మీటుతాడు. ముప్పై ఆరూ అయ్యాక రెండో చక్రం, తర్వాత మూడోది. ఆయన చెవికి బిగిసిన స్పోకుకూ వదులు స్పోకుకూ తేడా తెలియదు. తెలియదని ఆయనకూ తెలుసు. అయినా నూట ఎనిమిదీ మీటనిదే బండి ఎక్కడు. లోపల పొయ్యి దగ్గర నిలబడి సారలమ్మ వింటుంది. అన్నీ ఒక్క తీరుగా, గట్టిగా మోగుతాయి. ఒక్కదానికీ వంక లేదు. మంచిగున్నయ్, ఎక్కు అని చెప్పాలని రోజూ నోటిదాకా వస్తుంది. ఆయన ఆమెను అడగడు.